పడవ వెళ్ళిపోయాక

రాజమహేంద్రవరం

చి॥ బుజ్జికి,

నువ్వు పంపిన బొమ్మ ఫోటో అందింది. ఫోన్లో చూస్తే తృప్తి తీరక, మీ మావయ్యతో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి హాల్లో గోడకి ఆనించాను. వస్తూ పోతూ చూస్తున్నాను. ‘గుహుడి పడవ’ అని పేరు కూడా పెట్టేశావు. శ్రీరామనవమికి మీ సంఘం వాళ్ళు పెట్టే ప్రదర్శనకి ఇంకా టైముంది, ఏం మార్చాలో మొహమాటం లేకుండా చెప్పు అత్తా అన్నావు. చెప్తాను. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు బాగున్నది. కుడివైపు ఒడ్డున నీళ్ళు వెనక్కి తగ్గినచోట ఇసుక తడిసి నల్లబడి, పైకి పోయేకొద్దీ తెల్లబడడం చక్కగా పట్టుకున్నావు. అది ఇంకో బొమ్మని చూసి వేసింది కాదు, నది దగ్గర కూర్చుని నేర్చుకున్నది. జానెడే మేర గానీ, నా కన్ను మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతోంది.

ఇక మిగతా అంతా. మధ్యలో పడవ. పడవలో రాముడు, సీత, లక్ష్మణుడు. రాముడి తల వెనక వెలుగు. గుహుడి చేతిలో కాళ్ళు కడిగిన పళ్ళెం. ఒడ్డున రథం, సుమంత్రుడు, ఆయన కళ్ళు తుడుచుకుంటూ. వెనక కొండలు. పైన సంధ్యాకాశం. నీళ్ళలో తామరపూలు. కథలో ఒక్క ముక్క వదిలిపెట్టలేదు. వదిలిపెట్టకపోవడం వల్ల చూసేవాళ్ళకి చెయ్యడానికి ఏ పనీ మిగల్లేదు. ‘ఆఁ, గుహుడు’ అనుకుని పక్క బొమ్మకి వెళ్ళిపోతారు. నీ ఇసుక దాకా ఎవరూ రారు. నాకు బాధగా ఉన్నది అదే.

అందరికీ తెలిసిన కథ జరిగిన రేవుని వేసేటప్పుడు, అమ్మా, రేవుని వెయ్యి. కథ చూసేవాడి దగ్గర ముందే ఉంది. నువ్వు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఉత్తరమంతా నేను చెప్పబోయేది ఇదే. నా మాట మీద నమ్మమనను. మీ న్యూజెర్సీకి దగ్గర్లోనే, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దీనికి సాక్ష్యం ఉంది. మీ అన్నయ్య అక్కడ ఉన్న రోజుల్లో నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఒగాతా కోరిన్ అనే జపాన్ చిత్రకారుడు 1709 తర్వాత వేసిన జంట తెరలు. ఒక్కో తెరకి ఆరు మడతలు, ఎత్తు ఐదడుగుల పైన, వెడల్పు పదకొండడుగుల పైన. రెండూ పక్కపక్కన నిలబెడితే గది గోడంత. అంత జాగాలో ఏముందీ అంటే, బంగారు రేకు నేల, నీలం ఐరిస్ పూలు, ఆకుపచ్చ ఆకులు, వాటి మధ్యలోంచి ఏటవాలుగా మలుపులు తిరుగుతూ పోయే చెక్కపలకల వంతెన. అంతే. మనిషి లేడు, గుర్రం లేదు, చెట్టు లేదు, ఒడ్డు లేదు. నీళ్ళు కూడా గీయలేదు.

ఆ వంతెన వెనక ఒక కథ ఉంది. పదో శతాబ్దంలో జపాన్‌లో ‘ఇసే మోనోగతారి’ అనే పుస్తకం పుట్టింది. ఎవరు రాశారో తెలీదు. నూటపాతిక చిన్న చిన్న కథలు, ప్రతి కథలోనూ పద్యాలు. కథానాయకుడికి పేరు పెట్టలేదు గానీ, అతను అరివరా నో నరిహిరా అనే కవే అని అందరూ అనుకుంటూ వచ్చారు. 825లో పుట్టి 880లో పోయినవాడు, చక్రవర్తికి మనవడు, అందగాడని పేరు. తొమ్మిదో కథలో ఈయన, రాజధానిలో ఇక తనవల్ల ఎవరికీ ఉపయోగం లేదనుకుని, ఒకరిద్దరు పాత స్నేహితుల్ని వెంటబెట్టుకుని తూర్పుదేశంలో ఎక్కడైనా తలదాచుకుందామని బయల్దేరతాడు. దారి ఎవరికీ తెలీదు. తప్పిపోతూ తప్పిపోతూ మికవా అనే చోటికి వస్తారు. అక్కడ నది సాలెపురుగు కాళ్ళలా పాయలు పాయలుగా చీలిపోయి ఉంటుంది. వాటి మీద ఎనిమిది పలకల వంతెనలు వేసి ఉంటాయి. అందుకే ఆ చోటికి యత్సుహాషి, అంటే ఎనిమిది వంతెనలు, అని పేరు. గుర్రాలు దిగి, ఊబినేల పక్కన చెట్టునీడలో కూర్చుని, వండి ఎండబెట్టి తెచ్చుకున్న అన్నం తింటారు. బురదలో ఐరిస్ పూలు విరగబూసి ఉన్నాయి. ఒకాయన అంటాడు: ఈ పువ్వు పేరు కకిత్సుబత కదా, అందులోని ఐదు అక్షరాలూ ఐదు పాదాల మొదట్లో వచ్చేట్టు, ప్రయాణం గురించి ఒక పద్యం చెప్పు. మన అవధానాల్లో న్యస్తాక్షరి ఇచ్చినట్టే. నరిహిరా చెప్తాడు. ఒంటికి అలవాటైన బట్టలా మనసుకి అలవాటైన భార్యని విడిచి ఇంత దూరం వచ్చేశానే అని ఆ పద్యంలో భావం. విన్నవాళ్ళందరూ ఏడ్చేశారు. కన్నీళ్ళు పడి ఎండు అన్నం నానిపోయిందట.

ఎండు అన్నం నానడం! దాన్ని రాసినవాడెవడో గొప్పవాడు.

కోరిన్ కాలానికి ఈ కథ వయసు ఏడువందల ఏళ్ళకు పైమాట. ఆ మధ్యలో దాన్ని వెయ్యనివాళ్ళు లేరు. 1608లో బొమ్మలతో అచ్చుపుస్తకం వచ్చింది, దాంట్లోనూ వంతెన పక్కన కూర్చున్న మనుషులున్నారు. ఆ పువ్వు ఆత్మే స్త్రీ రూపంలో వచ్చి దారిన పోయే సన్యాసికి కనిపించే జపాన్ ‘నో’ పద్ధతి నాటకం ఉంది. ఇంత జరిగాక కోరిన్ కూర్చుని లెక్క చూసుకున్నాడు. మనుషుల్ని తీసేశాడు, గుర్రాల్ని తీసేశాడు, నీడనిచ్చిన చెట్టుని తీసేశాడు, అన్నాన్ని తీసేశాడు. పూలూ వంతెనా ఉంచాడు. కథ తెలిసినవాడు ఆ తెరల ముందు కూర్చుంటే, ఖాళీగా ఉన్న జాగాలో తనే కూర్చున్నట్టు ఉంటుంది. దిగులుపడ్డ ప్రయాణికుడి చోటు చూసేవాడికి ఇచ్చేశాడు.

ఇంకొకటి చెప్తాను, ఇది నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మెట్రోపాలిటన్ తెరలకి కొన్నేళ్ళ ముందు కోరిన్ ఇలాంటిదే మరో జంట వేశాడు. అది ఇప్పుడు టోక్యో నెజు మ్యూజియంలో ఉంది, జాతీయ సంపదగా ప్రకటించారు. కొన్నేళ్ళ కిందటి దాకా వాళ్ళ ఐదువేల యెన్‌ల నోటు వెనకవైపు అచ్చయింది ఆ పూలే. అందులో వంతెన కూడా లేదు. ఉత్త పూలు. వంతెన లేకపోయినా చూసినవాళ్ళకి యత్సుహాషి రేవే తోచేది. అంటే తీసెయ్యడంలో ఆ చివరి దాకా ఒకసారి వెళ్ళి చూసి, తర్వాత వేసిన దాంట్లో వంతెనని వెనక్కి తెచ్చాడన్నమాట. ఈ రెండు జంటల్నీ 2012లో టోక్యోలో ఒకేచోట నిలబెట్టి చూపించారు. ముందటేడు పెట్టాల్సింది, భూకంపం వల్ల వాయిదాపడింది. అదే పువ్వుని, అదే వంతెనని ఒక లక్క పెట్టె మీద కూడా చేశాడు కోరిన్. కలం, సిరారాయి దాచుకునే పెట్టె అది. పూలకి ముత్యపుచిప్ప, వంతెనకి సీసం రేకు. టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. ఒకే విషయాన్ని వదలకుండా ఎన్ని రకాలుగా పట్టుకున్నాడో చూడు. నువ్వేమో ఒక బొమ్మ వేసి, పేరు పెట్టి, ఫ్రేము కొలతలు కూడా ఇచ్చేశావు!

మెట్రోపాలిటన్‌కి వెళ్ళినప్పుడు వంతెన దగ్గర ఆగు. వెళ్ళేముందు అవి బయట పెట్టారో లేదో వాళ్ళ సైటులో చూసుకో. వెలుతురికి రంగు దెబ్బతింటుందని జపాన్ బొమ్మల్ని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. దూరం నుంచి వంతెన గోధుమ, బూడిద రంగుల పట్టీలా ఉంటుంది. దగ్గరికెళ్తే ఆ పలకల మీద మరకలు కనిపిస్తాయి. ఒక చోట నాచు పట్టినట్టు, ఒక చోట ఎండకి పగిలినట్టు, ఇంకో చోట వాన నీళ్ళు ఇంకినట్టు. అవి గీసినవి కావు. మొదట పూసిన సిరా తడి ఆరకముందే దానిలోకి ఇంకో చుక్క వదులుతారు. ఆ చుక్క తనకి తోచినట్టు పాకుతుంది, అంచుల్లో ముద్ద కడుతుంది. ఎక్కడ వదలాలో, ఎప్పుడు వదలాలో అనేదే చేతివాటం. తర్వాత ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బురద అయిపోతుంది. పూలు, ఆకులు మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. నున్నగా, దట్టంగా, మరక లేకుండా ఉంటాయి. నీలానికీ ఆకుపచ్చకీ వాడింది రెండు రకాల రాగి ఖనిజాల్ని నూరి జిగురులో కలిపిన పొడి. పలుకు ముతకగా ఉంటే రంగు ముదురు, మెత్తగా నూరితే లేత. అంటే బొమ్మ మొత్తంలో కాలానికి పాడైనది వంతెన ఒక్కటే. మనుషులు తొక్కినది అదొక్కటే మరి. ఒక్క మనిషిని కూడా వెయ్యకుండా, ఇటుగా ఎంతోమంది వెళ్ళారని ఆ మరకలతో చెప్పాడు.

ఈ చేతివాటం ఆయనకి ఎక్కడిదంటే, క్యోటోలో పేరున్న బట్టల వ్యాపారుల ఇంట్లో 1658లో పుట్టాడు. వాళ్ళ దుకాణం నుంచి అంతఃపురానికి కిమోనోలు వెళ్ళేవి. చిన్నప్పటినుంచీ కళ్ళముందు బట్టల నమూనాలే. నెజు తెరల్లో కొన్ని పూల గుత్తులు అవే గీతలతో ఇంకో చోట మళ్ళీ వస్తాయి, అచ్చుకాగితం కత్తిరించి వాడుకున్నాడని చెప్తారు. మన పెడనలో చెక్క అచ్చుని బట్ట మీద జరుపుకుంటూ పోయినట్టు. అయినా చూసేటప్పుడు ఒక పొద ఇంకో పొదలా అనిపించదు. పొదకీ పొదకీ మధ్య వదిలిన బంగారం వేరు కాబట్టి. ఖాళీని కొలవడం తెలిసినవాడికే వస్తువుని తగ్గించడం చేతనవుతుంది. తండ్రి ఇచ్చిన ఆస్తిని విలాసాలకి ఊదేసి, ఆ తర్వాతే బతుకుతెరువుకి చిత్రకళని గట్టిగా పట్టుకున్నాడు. 1716లో పోయాడు. ఆ బతుకు కథ వేరే, దాన్ని ఇప్పుడు వదిలేస్తాను.

అదే మ్యూజియంలో, అమెరికన్ బొమ్మలున్న వైపు, ఇంకో నది దాటడం ఉంది. నీకు బాగా తెలిసిందే. వాషింగ్టన్ డెలావేర్ నది దాటుతున్న బొమ్మ. ఇమాన్యుయేల్ లోయిట్సా అనే ఆయన జర్మనీలో కూర్చుని వేసి 1851లో పూర్తిచేశాడు. పన్నెండడుగుల ఎత్తు, ఇరవై ఒక్క అడుగుల వెడల్పు. మంచుగడ్డల మధ్య పడవ, పడవలో నిలబడ్డ సేనాని, వెనక జెండా. ఆ దాటడం 1776 డిసెంబరు 25 రాత్రి జరిగింది. బొమ్మలో కనిపించే నక్షత్రాల జెండాని దేశం ఒప్పుకున్నది 1777 జూన్‌లో. అప్పటికి లేని జెండా అది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆయన పని వేరు. జనంలో ఒక ఉద్వేగం పుట్టించాలి, దానికి మనుషులు కావాలి, జెండా కావాలి. అది సాధించాడు కూడా. కానీ ఆ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డా నేను ఒడ్డునే ఉండిపోయాను. పడవ నిండిపోయింది, నాకు చోటు లేదు. రెండిటినీ ఒకేరోజు చూడు. నీ బొమ్మ ఏ వైపు వెళ్ళాలో నీకే తెలుస్తుంది.

నువ్వు అడగబోయే మాట నాకు తెలుసు. ‘కోరిన్ చూపించుకున్నది ఆ కథ నోటికొచ్చిన వాళ్ళకి అత్తా. మా ప్రదర్శనకి వచ్చేవాళ్ళలో సగంమంది ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, వాళ్ళ స్నేహితులు. రాముణ్ణి వెయ్యకపోతే ఎవరికి అర్థమవుతుంది?’ న్యాయమైన ప్రశ్నే. అయితే ఆలోచించు. మనవాళ్ళకి ఈ రేవు అనగానే బాపు ‘సంపూర్ణ రామాయణం’లో పడవ పాట చెవిలో మోగుతుంది. వాళ్ళకి రాముణ్ణి చూపించక్కర్లేదు. అసలు తెలియనివాడికి రాముణ్ణి వేసినా నలుగురు మనుషులు, ఒక పడవ. తల వెనక వెలుగు పెడితే దేవుడనుకుంటాడు, ఎందుకు నది దాటుతున్నాడో ఎలా తెలుస్తుంది? బొమ్మలో మనుషులు కథ తెలిసినవాడికి అనవసరం, తెలియనివాడికి చాలరు. తెలియనివాణ్ణి ఆపగలిగేది నీ ఇసుకే. ఆగినవాడు, ఈ చోటేమిటని పక్కవాణ్ణి అడుగుతాడు. అప్పుడు మీ పిల్లల్లో ఒకళ్ళు కథ చెప్పాల్సి వస్తుంది. అంతకంటే ఏం కావాలి?

ఖాళీ వేసేస్తే చాలని మాత్రం అనుకోకు. కథలో ఏది వదలాలో తెలియాలంటే కథ మొత్తం తెలియాలి. నువ్వు సినిమా నుంచీ, విన్న పాటల నుంచీ వేశావు. వాల్మీకి అయోధ్యకాండ తీసి యాభయ్యో సర్గ నుంచి చదువు. శృంగిబేరపురంలో ఏం జరిగిందో అక్కడుంది. ఒడ్డున పెద్ద ఇంగుదీ చెట్టు ఉంది, దానికింద ఆగారు. ఆ రాత్రి రాముడూ సీతా నేలమీద గడ్డి పరుచుకుని పడుకున్నారు. లక్ష్మణుడు నిద్రపోలేదు, గుహుడితో మాట్లాడుతూ తెల్లార్లూ మేలుకునే ఉన్నాడు. తెల్లవారింది. కోకిల కూస్తోంది, అడవిలో నెమళ్ళు అరుస్తున్నాయి, ఇక గంగ దాటుదాం అంటాడు రాముడు. చూశావా, వాళ్ళు దాటింది పొద్దున పూట. నువ్వు సంధ్య వేశావు. దిగులుకి సాయంత్రం తేలిగ్గా సరిపోతుంది కాబట్టి. పక్షులు అరుస్తున్న పొద్దున్నే ఇల్లు వదలడంలో ఉన్న దిగులు అంతకంటే లోతైనది. దాన్ని వెయ్యి, చేతనైతే.

మర్రిపాలు తెప్పించుకుని అక్కడే జుట్టుని జడలు కట్టుకున్నాడు రాముడు. కాళ్ళు కడగడం వాల్మీకంలో లేదు. తులసీదాసు పడవవాడు అడుగుతాడు, కాళ్ళు కడగనిస్తేనే ఎక్కించుకుంటానని. మన పాటల్లోకీ సినిమాలోకీ వచ్చిన కథ ఆ తీరుది. వాల్మీకి గుహుడు తన వాళ్ళ చేత పడవ తెప్పిస్తాడు, వాళ్ళే నడుపుతారు. ఇది అది కాదని గొడవపడమని కాదు. ఏ గుహుణ్ణి వేస్తున్నావో నీకు తెలిసుండాలి. ఒక బొమ్మలో ఇద్దరు గుహుల్ని కలిపేశావు.

సుమంత్రుడికి కళ్ళు తుడుచుకునే చెయ్యి పెట్టావు. వాల్మీకి ఆయన్ని నిలబెట్టిన తీరు చూడు. పడవ అవతలి ఒడ్డుకి పోతున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉంటాడు. దూరం ఎక్కువై ఇక కళ్ళకి ఆనకుండా పోయాకే ఏడుస్తాడు. అంటే ఆ కాస్త మధ్యలో, ఏడుపు రాకముందు, ఆయన చూస్తున్నది ఖాళీ నదిని. నీ బొమ్మ అక్కడుంది. ఆయన నిలబడ్డ చోట నువ్వు నిలబడి, ఆయన చూసినదాన్ని వెయ్యి. ఆయన్ని వెయ్యక్కర్లేదు.

దీనికంటే కూడా నన్ను పట్టి ఊపేసింది ఇంకోటుంది. ఎనభయ్యెనిమిదో సర్గ. కొన్నాళ్ళకి భరతుడు సైన్యంతో అదే రేవుకి వస్తాడు. గుహుడు ఆయన్ని ఆ ఇంగుదీ చెట్టు కిందికి తీసుకెళ్ళి, అన్నావదినెలు పడుకున్న చోటు చూపిస్తాడు. మనుషులెవరూ లేరు. నలిగిన గడ్డి ఉంది. రాముడు పక్కకి తిరిగి పడుకున్నప్పుడు ఒంటి బరువుకి అణిగిన గడ్డి. సీత ఒంటిమీది నగల నుంచి రాలిన బంగారు నలుసులు అక్కడక్కడా కనిపిస్తున్నాయట. పట్టు ఉత్తరీయం దారాలు కొన్ని గడ్డికి అంటుకుని ఉన్నాయట. అంతే చూపించాడు వాల్మీకి. భరతుడికి అంతే చాలింది.

బుజ్జీ, కోరిన్ ఆ వంతెన పలకల మీద వదిలిన మరకలకీ ఈ దారప్పోగులకీ తేడా ఏముంది? ఏనాటి వాల్మీకి, ఎక్కడి క్యోటో! ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలిసే వీలే లేదు. వెళ్ళిపోయినవాళ్ళని వెళ్ళిపోయినట్టే చూపించాలంటే వాళ్ళ ఒంటి బరువు దేనిమీద మిగిలిందో వెతకాలని ఇద్దరూ కనిపెట్టారు. మనింట్లో ఇంత సొత్తు పెట్టుకుని మనం కేలెండర్ బొమ్మలకేసి చూస్తున్నామే అని నాకు ఉక్రోషం వస్తుంది.

చోటు గురించి ఒక మాట. నీ బొమ్మలో వెనక ఉన్న కొండలు పాపికొండలు. నేను రాజమండ్రి దాన్ని, నన్ను మోసం చెయ్యలేవు. శృంగిబేరపురం ప్రయాగ దగ్గర గంగ ఒడ్డున ఉంది, అది మైదానం. అక్కడ కొండలు లేవు. గోదావరినే వేస్తానంటావా, వెయ్యి. దాని కథ వేరే ఉంది, దాని రేవులు వేరే ఉన్నాయి. కోటిపల్లి రేవులో పంటు మీద నిన్ను ఎత్తుకుని దాటించింది నేనే, ఆ బురద వాసన నీకు గుర్తుంటే దాన్ని దానిగా వెయ్యి. గంగ మీద గోదావరి కొండలు తెచ్చి పెట్టకు. అలాగే తామరపూలు. పడవ నడిచే పారుడు నీళ్ళలో తామర నిలవదు.

అలాగని, చోటుకి వెళ్ళి చూస్తేనే బొమ్మ వస్తుందని కూడా అనను. యత్సుహాషిలో వంతెన కోరిన్ పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే పోయింది. 1020లో ఒక చిన్నపిల్ల తండ్రితో రాజధానికి ప్రయాణమై ఆ దారినే వచ్చింది. కథల పుస్తకాలంటే ప్రాణమిచ్చే పిల్ల. పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాల్లో, యత్సుహాషి అన్నది పేరుకే, వంతెన ఆనవాలు కూడా లేదు, చూడ్డానికి ఏమీ లేదు అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ‘సరషినా డైరీ’ అంటారు దాన్ని. ఆ తర్వాత ఎనిమిదివందల ఏళ్ళకి హొకుసాయి అనే చిత్రకారుడు తన వంతెనల బొమ్మల వరుసలో దీన్ని కూడా వేస్తూ, ‘పాతకాలపు దృశ్యం’ అనే పేరు పెట్టాడు. ఆ బొమ్మ నిండా దాటుతున్న జనమే. లేని వంతెన మీద అంతమంది! ఇప్పుడది ఐచీ రాష్ట్రంలో చిర్యూ ఊరు. అక్కడ ఒక గుడి తోటలో ఆ పూలని పెంచుతున్నారు, మే నెల వచ్చేసరికి చూడ్డానికి జనం వెళ్తారు. చోటు పోయినా పువ్వు ఉంది. కోరిన్‌కి పువ్వు తెలుసు, ఊబినేలలో దాని ఆకు ఎలా నిలుస్తుందో తెలుసు, తడి చెక్క ఎలా ముదురుతుందో తెలుసు. నీకు గంగ తెలియకపోయినా గడ్డి తెలియాలి.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. శనాదివారాల్లో కాస్త తీరిక చేసుకుని డెలావేర్ ఒడ్డుకి వెళ్ళు. వాషింగ్టన్ దాటిన చోటు మీ న్యూజెర్సీ వైపు పార్కుగానే ఉంది కదా. బొమ్మ వేద్దామని వెళ్ళకు. గడ్డి మీద ఎవరైనా కూర్చుని లేచి వెళ్ళేదాకా ఆగి, ఆ గడ్డిని గియ్యి. పెన్సిలుతోనే. అణిగిన పరకలు ఏ వైపు పడుకున్నాయి, ఏవి విరిగాయి, ఏవి మెల్లగా లేస్తున్నాయి, మంచుతడి ఎక్కడ చెదిరిపోయింది, ఎక్కడ నిలిచింది, ఇవి చూడు. పొద్దున్నే నీళ్ళమీద వెలుతురు ఏ ఎత్తులో పడుతుందో చూడు. ఫోటో తీసి ఇంటికొచ్చి వెయ్యాలనుకోకు. ఫోటోలో గడ్డి అంతా ఒకే తీరున ఉంటుంది.

పెద్ద కేన్వాసు పక్కన పెట్టు. దాని మీద తెల్లరంగు పూసెయ్యకు, ఉంచు. ఆ ఇసుకని చూసి మళ్ళీ వేసుకోవాలి నువ్వు. కొత్తదానికి ఇంగుదీ చెట్టు మొదలు చాలు, కొమ్మలన్నీ అక్కర్లేదు. నలిగిన గడ్డి, ఒక దారప్పోగు, తడి ఇసుక మీద పడవని నీళ్ళలోకి తోసిన గాడి, ఆ వెనక నది. దారం ఏ రంగో ఆలోచించుకుని వెయ్యి, బొమ్మంతట్లో ఆ రంగు ఇంకెక్కడా ఉండకూడదు. బంగారు నలుసులకి మాత్రం తొందరపడి బంగారు రంగు పెట్టెయ్యకు. మెరుస్తుంది, కన్నంతా లాగేస్తుంది. పసుపుతోనే రావాలి. పేరు ‘గుహుడి పడవ’ అనే ఉంచు. పడవ లేని బొమ్మకి ఆ పేరు బాగుంటుంది. చూసేవాళ్ళు పడవ కోసం వెతుకుతారు.

మీ సంఘం పెద్దలు, రాముడు లేకుండా నవమికి బొమ్మేమిటమ్మా అంటే గట్టిగా వాదించకు. భరతుడి సర్గ చదివి వినిపించు. పెద్దవాళ్ళకి అది తగలకుండా ఉండదు. అప్పటికీ ఒప్పుకోకపోతే పాత బొమ్మే ఇచ్చెయ్యి, కొత్తది మన హాల్లోకి వస్తుంది.

మీ మావయ్య వాల్మీకి రామాయణం అయోధ్యకాండ, తాత్పర్యం ఉన్నది, పార్సెల్ కట్టి ఉంచారు. వచ్చే నెల మీ పెద్దనాన్న కొడుకు వస్తున్నాడట, అతని చేత పంపుతాను. యాభై, యాభై రెండు, ఎనభై ఎనిమిది సర్గల దగ్గర కాగితాలు పెట్టాను. మిగతావి కూడా చదువు. పెన్సిలు గీతలు నావి, చెరపకు.

గడ్డి బొమ్మలు ముందు పంపు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి తియ్యి. ఫ్లాష్ వెయ్యకు.

ఆశీస్సులతో,
మీ అత్త